చిన్నప్పుడు తలకు గాయమై, లోపల ఏదైనా ఉండిపోయిందని అనుమానమా? ఎలా తేల్చుకోవాలి

"స్కాన్ తీశారు, ఏమీ లేదన్నారు." కంటి దగ్గర పుల్ల గుచ్చుకున్న పిల్లాడి ఇంట్లో ఈ ఒక్క మాటతో అందరి టెన్షన్ తీరిపోతుంది. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ స్కాన్ చీటీ మీద "హెడ్ ఇంజురీ" అని మాత్రమే ఉంటే, చూసేవాళ్ళు ముఖ్యంగా రెండు విషయాలు చూస్తారు: రక్తం గడ్డ కట్టిందా, ఎముక విరిగిందా. ఎండు పుల్ల ముక్క సీటీలో నల్లగా కనబడుతుంది, గాలి కూడా నల్లగానే కనబడుతుంది. పుల్ల సంగతి ఎవరూ చెప్పకపోతే అది గాలి లెక్కలోకి పోతుంది. అందుకే ఈ వ్యవహారంలో మిషన్ కంటే ముందు మీరు చెప్పే కథ ముఖ్యం. ఆ కథను ఎలా సిద్ధం చేసుకోవాలో, దేని తర్వాత ఏ పరీక్ష అడగాలో ఇక్కడ చెబుతాను.

ఇది ఇద్దరి కోసం. ఒకరు, ఈ మధ్యే పిల్లలకు ఏదో గుచ్చుకుని, గాయం మానినా మనసులో అనుమానం మానని తల్లిదండ్రులు. రెండోవారు, చిన్నప్పటి గాయం మచ్చ ఉండి, ఇప్పుడు పెద్దయ్యాక ఫిట్స్ వస్తున్నవాళ్ళు, లేదా స్కాన్‌లో "ఏదో తెల్లగా ఉంది" అనిపించుకున్నవాళ్ళు. మంచం మీంచి పడి బొప్పి కట్టిన పిల్లలకు ఈ భయం అక్కర్లేదు. తలలోకి ఏదైనా దిగాలంటే మొనదేలిన వస్తువో, వేగంగా వచ్చే వస్తువో కావాలి. అలాంటిది జరగడం అరుదు.

ఇప్పుడే జరిగి ఉంటే

గుచ్చుకున్నది ఇంకా పైకి కనిపిస్తుంటే లాగకండి. మన దగ్గర చుట్టూ చేరినవాళ్ళలో ఎవరో ఒకరు ముందు లాగేస్తారు, తర్వాతే ఆలోచిస్తారు. లాగితే రెండు ప్రమాదాలు. లోపల రక్తనాళాన్ని అదిమి పట్టి ఉన్నది బయటకు రాగానే రక్తం కారడం మొదలవుతుంది. కర్రయితే విరిగి కొస లోపలే ఉండిపోతుంది. వస్తువు కదలకుండా చుట్టూ మడతపెట్టిన గుడ్డలు పెట్టి, కంటి మీద ఒత్తిడి పడకుండా చూసి, 108కి ఫోన్ చేయండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి నీళ్ళు, పాలు కూడా పట్టకండి. ముక్కు గట్టిగా చీదనివ్వకండి.

ఆసుపత్రిలో "బాగానే ఆడుకుంటున్నాడు కదా, స్కాన్ దేనికి, ఇంటి దగ్గర గమనించండి" అనే సలహా వినిపించవచ్చు. పడిపోయి దెబ్బ తగిలిన పిల్లలకు అది మంచి సలహానే. పిల్లలకు అనవసరంగా సీటీ తీయకుండా ఉండటానికి ప్రపంచమంతా వాడే పెకార్న్ నియమాలు 2009లో వచ్చాయి. నలభై రెండు వేలమందికి పైగా పిల్లల్ని పరిశీలించి వాటిని తయారు చేశారు. అయితే గుచ్చుకున్న గాయాలను ఆ పరిశీలనలో చేర్చనే లేదు. అంటే మీ పిల్లాడి తలలో పుల్ల దిగిందనే అనుమానం ఉంటే ఆ నియమం మీకు వర్తించదు. ఈ ఒక్క మాట డాక్టరుతో మర్యాదగా అనండి, చాలు.

మొదటి పని: ముక్కల లెక్క

గుచ్చుకున్న వస్తువును పారేయకండి. అప్పటికే పారేసి ఉంటే చెత్తబుట్టలోంచైనా తీసి ఒక ప్లాస్టిక్ కవర్లో వేయండి. టార్చి లైటు పట్టుకుని, పడిన చోట నేలంతా వెతకండి.

తర్వాత కొస చూడండి. పెన్సిల్ అయితే మొన ఉందా? పుల్ల అయితే చివర నున్నగా ఉందా, పీచుపీచుగా చీలి ఉందా? వస్తువు మొదట ఎంత పొడవుందో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు, దాని మీద ఆధారపడలేం. కానీ విరిగిన రెండు ముక్కలూ దొరికితే వాటి కొసల్ని ఒకదానికొకటి ఆనించి చూడొచ్చు. పీచులో పీచు కూర్చుని అతికితే మధ్యలో ముక్క పోలేదు. సందు మిగిలితే, ఆ సందంత ముక్క ఎక్కడుందో తేలాలి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. న్యూరోసర్జన్‌కు ఆ ఫోటో ఉపయోగపడినంతగా ఇంకేదీ ఉపయోగపడదు.

వస్తువు దేనితో చేసిందో కూడా రాసుకోండి: కర్ర, వెదురు, ఇనుము, గాజు, ప్లాస్టిక్. కర్రయితే పచ్చిదా, ఎండుదా. పొలంలో పత్తి కట్టె మీదో కంది మోడు మీదో పడితే ఆ మాటే చెప్పండి. మట్టి అంటిన కర్రకు, ఇంట్లో పెన్సిల్‌కు ఇన్ఫెక్షన్ ప్రమాదం ఒకేలా ఉండదు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశారో పిల్లల టీకాల కార్డులో చూసి పెట్టుకోండి.

రెండో పని: ఎటునుంచి దిగిందో చూడండి

పుర్రె గట్టిది, దాంట్లోకి పుల్ల ఎలా పోతుందని చాలామంది అనుకుంటారు. పోయే దారులు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది కంటి గూడు. కంటి గూటికి పైకప్పుగా ఉండే ఎముక మీదే మెదడు ముందు భాగం ఆని ఉంటుంది. పిల్లల్లో ఆ ఎముక చాలా పల్చన. పైరెప్ప దగ్గర గుచ్చుకున్న పెన్సిల్, చీపురు పుల్ల, సైకిల్ స్పోక్, గొడుగు ఊచ లాంటివి కనుగుడ్డును పక్కకు నెట్టి, పైకి దూసుకుపోగలవు. ఆ తర్వాత చూస్తే కనుగుడ్డు బాగానే ఉంటుంది, చూపు బాగానే ఉంటుంది, పైరెప్ప మడతలో అర సెంటీమీటరు గాటు మాత్రం ఉంటుంది. దానికి ఒక కుట్టు వేసి ఇంటికి పంపేస్తారు. పిల్లాడిని కళ్ళు మూసుకోమని, పైరెప్పను మెల్లగా కిందికి సాగదీసి మడత లోపల చూడండి. కొత్త గాయమైనా పాత మచ్చయినా అక్కడే దాక్కుంటుంది.

మిగతా దారులు: కణత, ముక్కు రంధ్రాలు, నోటి పైభాగం. కర్రో టూత్‌బ్రష్షో నోట్లో పెట్టుకుని పరుగెత్తుతూ పడిపోయిన పిల్లల్లో అంగిలి వెనక గాయాన్ని తేలిగ్గా తీసుకోకండి. పక్కనే మెడ రక్తనాళం ఉంటుంది, దాని ప్రభావం మర్నాటికో ఆ మర్నాటికో బయటపడొచ్చు. తలలో జుట్టు పాయలు తీసి లైటు వెలుగులో చూడండి. ఎయిర్‌గన్ పెల్లెట్ దిగిన రంధ్రం జుట్టులో కనబడకుండా పోవడం మామూలే.

మూడో పని: ఏ లక్షణం ఎప్పుడు

గాయమైన మొదటి రోజుల్లో వాంతులు, మత్తు, ఫిట్స్, ఒక చేయో కాలో బలహీనపడటం, కన్ను ఒక పక్కకు తిరగకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం, ముఖ్యంగా తల వంచినప్పుడు ఒకే రంధ్రంలోంచి కారితే, గొంతులోకి జారి ఉప్పగా తగిలితే, అది జలుబు కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే ద్రవం కారుతుండొచ్చు. ఆ ద్రవాన్ని చిన్న సీసాలో పట్టి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షకు పంపితే తేలుతుంది.

వారాలు, నెలలు గడిచాక వచ్చేది చీము గడ్డ. కర్రలో సందులెక్కువ, క్రిములు అందులో నిలవుంటాయి. తలనొప్పి రోజురోజుకూ పెరగడం, పొద్దున్నే వాంతులు, కొత్తగా ఫిట్స్. జ్వరం ఉండి తీరాలని లేదు. మెదడులో చీము గడ్డ ఉన్న చాలామందికి జ్వరమే ఉండదు. కాబట్టి "జ్వరం లేదు కదా" అనే మాట విని ఆగిపోకండి. మానినట్టే ఉన్న పైరెప్ప గాయంలోంచి మళ్ళీ మళ్ళీ చీము వస్తున్నా, మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, రెండోసారి వచ్చినా లోపల ఏదో ఉందని, లేదా పుర్రె అడుగున చిల్లు ఉందని అనుమానించి వెతకాల్సిందే.

నాలుగో పని: స్కాన్ల వరస

వరస తప్పితే ప్రమాదం. ఎంఆర్ఐ మంచిదట, రేడియేషన్ ఉండదట అని నేరుగా అక్కడికి పోకూడదు. లోపల ఉన్నది ఇనుప ముక్కయితే 1.5 టెస్లా, 3 టెస్లా బలమున్న ఎంఆర్ఐ అయస్కాంతం దాన్ని కదిలించగలదు. కంట్లో చిన్న ఇనుప ముక్క ఉన్న సంగతి తెలియక ఎంఆర్ఐ తీస్తే కంట్లో రక్తస్రావమై చూపు దెబ్బతిన్న కేసు 1986లోనే వైద్య పత్రికల్లోకి ఎక్కింది. మెదడులో కదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఎక్స్‌రేతో మొదలుపెట్టొచ్చు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. సూది, మేకు, పెల్లెట్ ఉంటే ఇందులోనే తేలిపోతుంది. కర్ర మాత్రం ఎక్స్‌రేలో దాదాపుగా కనిపించదు. ఎక్స్‌రే నార్మల్ వచ్చిందని కర్ర లేదనుకోవడం ఈ విషయంలో జరిగే పొరపాట్లలో పెద్దది.

అసలు పరీక్ష సీటీ. ఇందులో ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉంటుంది. సీటీ కనిపెట్టి 1979లో నోబెల్ అందుకున్న హౌన్స్‌ఫీల్డ్ పేరుతో ఆ కొలత ఉంది. నీళ్ళకు సున్నా, గాలికి మైనస్ వెయ్యి. ఎండు కర్ర లోపల గాలి నిండి ఉంటుంది కాబట్టి మైనస్ వందల్లో ఉంటుంది. మామూలుగా మెదడు చూసే సెట్టింగ్‌లో రెండూ ఒకే నలుపు. విండో, అంటే తెర మీద నలుపు తెలుపుల్లో చూపే అంకెల పరిధి, వెడల్పు పెంచితే, అంటే ఎముకను చూసే బోన్ విండోలోకి మార్చితే, గాలి నలుపు వేరు, కర్ర నలుపు వేరు అని తెలుస్తుంది, కర్ర అంచులూ చారలూ బయటపడతాయి. ఇంకో చిక్కు ఉంది. రోజులు గడిచేకొద్దీ కర్ర ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది, దాని అంకె పైకి జరుగుతుంది, ఒక దశలో చుట్టూ ఉన్న మెదడులో కలిసిపోయినట్టు కనబడుతుంది. పచ్చి కర్రయితే మొదటి రోజు నుంచే అంతే. అందుకే మొదటి రోజు సీటీ ఫిల్ములు, సీడీ పారేయకూడదు. పెన్సిల్ అయితే కొంత నయం, నల్లటి చెక్క మధ్యలో గ్రాఫైట్ తెల్లని చుక్కలానో గీతలానో కనబడుతుంది. గాజు సీటీలో బాగానే దొరుకుతుంది. ప్లాస్టిక్ దేంట్లోనైనా తప్పించుకోగలదు.

లోహం లేదని సీటీలో తేలాకే ఎంఆర్ఐ. సీటీలో కలిసిపోయిన పాత కర్ర ఎంఆర్ఐలో అన్ని రకాల చిత్రాల్లోనూ నల్లటి గీతలా నిలబడుతుంది, కాంట్రాస్ట్ మందు నరంలోకి ఇస్తే చుట్టూ తెల్లటి అంచు కడుతుంది. వస్తువు పెద్ద రక్తనాళాల దగ్గరగా దిగి ఉంటే సీటీ యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాలను చూపే సీటీ, కూడా అడుగుతారు. గాయపడిన నాళం గోడ తర్వాత ఉబ్బొచ్చు, కాబట్టి కొన్ని వారాలకు మళ్ళీ తీయమంటే అనుమానపడకండి, డబ్బుల కోసం అనుకోకండి.

రేడియేషన్ సంగతి: తల సీటీ ఒకసారికి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు. పిల్లల సెట్టింగ్‌లో తీయమని అడగడం మీ హక్కు. గుచ్చుకున్న గాయంలో ఈ లెక్క చూసుకుని సీటీ మానేయడం మాత్రం నా దృష్టిలో తెలివైన పని కాదు.

ఐదో పని: చీటీ మీద ఏం రాయించాలి

స్కాన్ గదిలో టెక్నీషియన్‌కు మీ కథ తెలియదు. ఆయనకు చీటీయే ఆధారం, రేడియాలజిస్ట్‌కూ అంతే. రాత్రి పూట దూరం నుంచి ఫిల్ము చూసి రిపోర్టు పంపే చోట్ల అయితే మీ పిల్లాడి మొహం కూడా వాళ్ళు చూడరు. అందుకని డాక్టరును ఇలా రాయమని అడగండి: ఫలానా రోజు వెదురు పుల్ల కుడి పైరెప్పలోంచి దిగింది, రెండు సెంటీమీటర్ల ముక్క దొరకలేదు, లోపల ఉండిపోయిందని అనుమానం, కంటి గూళ్ళతో కలిపి ఒక మిల్లీమీటరు సన్న స్లైసులు, బోన్ విండోలో, మూడు వైపుల నుంచీ చూడాలి. ఐదు మిల్లీమీటర్ల మందం స్లైసుల మధ్య చీపురు పుల్ల జారిపోగలదు.

తీశాక సీడీ అడిగి తీసుకోండి. గోడకు పట్టుకుని చూసే ఫిల్ములో ఎవరో ఎంచిన సెట్టింగ్ ఒక్కటే ఉంటుంది. సీడీలో అయితే ఇంకో డాక్టరు విండో మార్చి చూడగలడు.

ఆరో పని: రిపోర్టులో ఏ మాటల దగ్గర ఆగాలి

"న్యుమోసెఫలస్" అంటే పుర్రె లోపల గాలి. గాలి ఉందంటే ఎక్కడో చిల్లు పడిందనే. నిజమైన గాలి వెల్లకిలా పడుకున్న పిల్లాడిలో ముందు వైపుకు చేరుతుంది, రోజుల్లో కరిగిపోతుంది. తిన్నగా గీత గీసినట్టున్న "గాలి" అదే చోట, అదే పొడవుతో రెండో స్కాన్‌లోనూ ఉంటే అది గాలి కాదు. "లీనియర్ హైపోడెన్సిటీ", అంటే గీతలా నల్లగా ఉన్న చోటు, అన్న మాట కనిపించినా ఇదే ప్రశ్న అడగండి.

"రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్" అంటే కాంట్రాస్ట్ ఇచ్చాక అంచు ఉంగరంలా తెల్లగా వెలిగే మచ్చ. దాని దగ్గర మన దేశంలో ఒక తికమక ఉంది. ఇక్కడ ఆ ఉంగరం కనిపిస్తే ముందు గుర్తొచ్చేవి టీబీ గడ్డ, పంది బద్దెపురుగు తిత్తి, అంటే న్యూరోసిస్టిసర్కోసిస్. సాధారణంగా అవే నిజం కూడా. కానీ పాత గాయం మచ్చ ఉన్న వైపునే, మచ్చ దిశలోనే ఉంగరం ఉంటే, చీము గడ్డ కావచ్చా అని అడగండి. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ అనే చిత్రం ఆ తేడా పట్టడానికి చాలా సాయపడుతుంది. నెలల తరబడి టీబీ మందులు మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్న అడగడం వల్ల పోయేదేమీ లేదు.

"కాల్సిఫికేషన్", అంటే సున్నం పట్టడం, అన్నా కంగారు వద్దు. చనిపోయిన పురుగు తిత్తి సున్నం పట్టి తెల్లని చుక్కలా మిగిలిపోవడం మన దగ్గర చాలా మామూలు. దాని అంకె సాధారణంగా కొన్ని వందల్లో ఉంటుంది. లోహం అయితే వేలల్లోకి పోతుంది, చాలా మిషన్లలో 3071 దగ్గర కొలతే ఆగిపోతుంది, చుట్టూ నక్షత్రంలా గీతలు చిమ్ముతాయి. ఆ చుక్క అంకె ఎంతో కొలిచి చెప్పమని రేడియాలజిస్ట్‌ను అడగొచ్చు, అర నిమిషం పని.

ఏళ్ళ తర్వాత అనుమానం వస్తే

పెద్దయ్యాక ఫిట్స్ మొదలైనవాళ్ళు చిన్నప్పటి గాయం గురించి డాక్టరుకు చెప్పరు. మర్చిపోయి ఉంటారు, లేదా అసలు తెలియదు. అమ్మనో, అమ్మమ్మనో, మేనమామనో అడగండి: ఏ వయసులో, దేనితో, ఎన్ని కుట్లు, ఆపరేషన్ జరిగిందా. అప్పట్లో పోలీసు కేసుగా ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాసి ఉంటే ఆ నంబరుతో పాత రికార్డు దొరికే అవకాశం ఉంది. ఆపరేషన్ జరిగి ఉంటే డిశ్చార్జి కాగితం వెతకండి. ఎముకకు వేసిన ప్లేటో, క్లిప్పో, ట్యూబో లోపల ఉంటే స్కాన్‌లో అదే "వస్తువు"గా కనబడి అనవసరంగా హడలగొడుతుంది.

ఒక రకం కేసులు ఇంట్లో అడిగినా బయటకు రావు. టర్కీ, ఇరాన్, చైనా లాంటి దేశాల వైద్య పత్రికల్లో ఇవి వచ్చాయి. నడి వయసులో తలనొప్పికో ఫిట్స్‌కో ఎక్స్‌రే తీస్తే మెదడులో కుట్టు సూది ఉంటుంది. మాడు పూడటానికి ఏడాదిన్నర దాకా పడుతుంది, ఆలోపు పసిబిడ్డను చంపాలని మాడులోంచి ఎవరో గుచ్చినదది. పుర్రెలో ఎక్కడా చిల్లు కనిపించకుండా లోపల సూది ఉందంటే డాక్టర్లు ముందు దీన్నే ఆలోచిస్తారు. ఇది విన్న మనిషికి స్కాన్ కంటే పెద్ద దెబ్బ. ఆ మాట చెప్పేటప్పుడు గదిలో బంధువులు లేకుండా చూడమని డాక్టరును అడిగే హక్కు మీకుంది.

ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ సంకేతాల పరీక్ష, గురించి ఒక్క మాట. ఫిట్స్ మెదడులో ఎక్కణ్ణుంచి పుడుతున్నాయో అది సూచిస్తుంది, లోపల ఏముందో చెప్పదు.

ఉందని తేలాక

తీయాలా, వదిలేయాలా అన్నది వస్తువును బట్టి, చోటును బట్టి. కర్రను సాధారణంగా తీసేస్తారు, ఇన్ఫెక్షన్ భయం వల్ల. లోతుగా, మాటకో కదలికకో సంబంధించిన చోట ఏళ్ళుగా కదలకుండా ఉన్న పాత లోహపు ముక్కను చాలాసార్లు అలాగే వదిలి, కనిపెట్టుకుని ఉంటారు. తీయబోతే జరిగే నష్టమే ఎక్కువ కావచ్చు. రాగి అయితే చుట్టూ ఉన్న మెదడును దెబ్బతీస్తుంది కాబట్టి లెక్క మారుతుంది. న్యూరోసర్జన్‌ను మూడు అడగండి: పాత స్కాన్‌తో పోలిస్తే కదిలిందా, పక్కన ఏ రక్తనాళం ఉంది, తీయకపోతే మళ్ళీ ఎప్పుడు స్కాన్ తీయాలి. ఇద్దరు సర్జన్లు వేరువేరుగా చెప్పినా ఆశ్చర్యపోకండి, ఇది నిజంగా ఇద్దరు వేరుగా ఆలోచించగల విషయం. ఖర్చు సంగతి ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రిలోని మిత్ర డెస్క్ దగ్గర అడ్మిషన్‌కు ముందే కనుక్కోండి.

గుచ్చుకున్న గాయాల తర్వాత ఫిట్స్ రావడం మామూలు దెబ్బల కంటే చాలా ఎక్కువ. వియత్నాం యుద్ధంలో అలా గాయపడిన అమెరికా సైనికుల్ని పదిహేనేళ్ళు గమనిస్తే దాదాపు సగంమందికి వచ్చాయి. అవి పెద్దవాళ్ళ యుద్ధ గాయాలు, పిల్లాడి పెన్సిల్‌కు అదే అంకె అంటించకూడదు. కానీ వస్తువు తీసేశాక కూడా ఫిట్స్ మందు డాక్టరు చెప్పకుండా మానకూడదని మాత్రం అర్థం చేసుకోవాలి.

లోహం లోపలే ఉంచాలని నిర్ణయిస్తే, ఏ లోహం, ఏ వైపు, ఎంఆర్ఐ తీయొచ్చా వద్దా అన్నది లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. దాని ఫోటో పిల్లాడి ఫోన్లో కాదు, ఇంట్లో కనీసం ఇద్దరు పెద్దల ఫోన్లలో ఉండాలి. హాస్టల్లో చేర్చేటప్పుడు ఒక జిరాక్స్ వార్డెన్‌కు ఇవ్వండి.